స్వీడిష్ మీట్‌బాల్స్, మీగడ గ్రేవీ: మొదటి నుంచి చివరిదాకా

మంచి స్వీడిష్ మీట్‌బాల్ ప్లేటులో గుండ్రంగా కూర్చోవాలి, ఫోర్కు అంచు తగలగానే రెండుగా విడిపోవాలి. కారం ఉండదు, మసాలా ఘాటూ ఉండదు. వెన్నలో వేగిన మాంసం రుచి, దాని వెనకాల సన్నగా ఒక సుగంధం, పైన మీగడ గ్రేవీ, పక్కన పుల్లటి పండు జామ్, అంతే. ఇంత సాదా వంటలో లోపం దాచుకోడానికి చోటు దొరకదు. ముద్ద గట్టిగా పిసికినా, పెనం మాడినా మొదటి ముద్దలోనే తెలిసిపోతుంది. అందుకే పదార్థాల పట్టిక కన్నా చేతిపని గురించే ఇక్కడ ఎక్కువ చెప్తాను. పాలలో నానిన బ్రెడ్ పొడిని, ఉండలు వేగాక పెనం అడుగున మిగిలే గోధుమరంగు పొరను సరిగ్గా వాడుకున్నవాళ్ళకి ఈ వంట తప్పకుండా కుదురుతుంది.

స్వీడన్‌లో వీటిని షొట్‌బుల్లార్ అంటారు. 1755లో కైసా వార్గ్ అచ్చువేయించిన వంటల పుస్తకంలోనే మాంసం ఉండల ప్రస్తావన ఉంది. అప్పట్లో ఖీమా కావాలంటే కత్తితో కొట్టుకుంటూ కూర్చోవాల్సిందే కాబట్టి అది కలిగినవాళ్ళ వంట. 19వ శతాబ్దంలో చేత్తో తిప్పే ఖీమా మిషన్లు, ఇనప పొయ్యిలు వచ్చాక మామూలు ఇళ్ళకీ చేరింది. యుద్ధంలో రష్యా చేతిలో ఓడిన స్వీడన్ రాజు 12వ చార్లెస్ 1709 నుంచి 1714 దాకా ఒట్టోమన్ రాజ్యంలో తలదాచుకున్నాడు. ఈ ఉండల్ని ఆయనే అక్కణ్ణుంచి తెచ్చాడని 2018లో స్వీడన్ అధికారిక ట్విట్టర్ ఖాతా ప్రకటించేసరికి పెద్ద చర్చే నడిచింది. క్యాబేజీ ఆకులో ఖీమా చుట్టి వండే కోల్డోల్మార్ టర్కీ దోల్మా నుంచి వచ్చిందంటే నమ్మొచ్చు. ఉండల విషయంలో అంత గట్టి ఆధారం లేదు. ఖీమాని ఉండ చుట్టడం ఎన్నో దేశాల్లో ఎవరికి వారు నేర్చుకున్న పనే.

మనలో చాలామందికి ఈ వంటని పరిచయం చేసింది ఐకియా. 1985 నుంచి వాళ్ళ దుకాణాల్లో వీటిని వడ్డిస్తున్నారు. భారత్‌లో తొలి ఐకియా 2018 ఆగస్టులో హైదరాబాద్ హైటెక్ సిటీ దగ్గర తెరిచినప్పుడు గొడ్డుమాంసం, పందిమాంసం రెండూ లేకుండా చికెన్‌తోనూ కూరగాయలతోనూ చేసిన ఉండలు పెట్టారు. 2020 లాక్‌డౌన్‌లో ఇంట్లో చేసుకునే పద్ధతిని కూడా ఆ సంస్థ విడుదల చేసింది. అందులో ఉండల్ని పెనం మీద రంగు తెప్పించి, తర్వాత మూతపెట్టి ఓవెన్‌లో మగ్గిస్తారు. నేను చెప్పేది మొత్తం పెనం మీదే పూర్తయ్యే పద్ధతి. ఓవెన్ లేని ఇళ్ళకి ఇదే అనుకూలం, గ్రేవీకీ ఇదే మంచిది.

కావలసినవి (నలుగురికి)

ఉండలకి: ఖీమా 500 గ్రాములు, ఎండు బ్రెడ్ పొడి 50 గ్రాములు, చిక్కటి పాలు 150 మి.లీ. (చికెన్ అయితే 110 చాలు), గుడ్డు 1, చిన్న ఉల్లిపాయ 1, ఉప్పు 1¼ టీస్పూన్, తెల్ల మిరియాల పొడి అర టీస్పూన్, ఆల్‌స్పైస్ పొడి అర టీస్పూన్. వేపడానికి వెన్న, నూనె.

గ్రేవీకి: వెన్న 25 గ్రాములు, మైదా 3 టేబుల్ స్పూన్లు, ఎముకల రసం 400 మి.లీ., ఫ్రెష్ క్రీమ్ 150 మి.లీ., సోయా సాస్ 1 నుంచి 2 టీస్పూన్లు, ఉప్పు, తెల్ల మిరియాల పొడి.

పక్కన: బంగాళాదుంపలు 800 గ్రాములు, కీరదోసకాయ 1, లింగన్ జామ్ లేదా వాక్కాయ జామ్.

ఖీమా దగ్గరే సగం పని

స్వీడన్ ఇళ్ళలో ఎక్కువగా వాడేది గొడ్డుమాంసం, పందిమాంసం కలిపి కొట్టిన ఖీమా. మొదటిది రుచినిస్తుంది, రెండోది కొవ్వునిస్తుంది. స్టాక్‌హోమ్‌లోనో గోథెన్‌బర్గ్‌లోనో ఉండి ఈ రెండూ తినేవాళ్ళకి ఏ సూపర్ మార్కెట్‌లోనైనా కలిపిన ఖీమా ప్యాకెట్ దొరుకుతుంది, ఆలోచించక్కర్లేదు. తిననివాళ్ళు వెలితి పడాల్సిన పనీ లేదు. స్వీడన్ ఉత్తర ప్రాంతాల్లో దుప్పి మాంసంతోనూ రెయిన్‌డీర్ మాంసంతోనూ ఇవే ఉండలు చేస్తారు. ఏ మాంసమైనా చెల్లుతుంది, కొవ్వు లేకపోతేనే చెల్లదు. నూటికి 15 నుంచి 20 వంతులు కొవ్వుంటే ఉండ లోపల తడిగా ఉంటుంది. చికెన్ అయితే బ్రెస్ట్ వద్దు, తొడ మాంసం తీసుకోండి. మటన్ అయితే భుజం దగ్గర మాంసం, దానికి అంటుకున్న కొవ్వుతో సహా. మటన్‌కి తనదైన వాసన గట్టిగా ఉంటుంది కాబట్టి సగం మటన్, సగం చికెన్ తొడ మాంసం కలిపితే బాగుంటుంది. నాకు అన్నిటికన్నా నచ్చే పాళ్ళు అవే.

మన ఇళ్ళలో ఖీమాని గిన్నెలో వేసి రెండు మూడు నీళ్ళు కడిగే అలవాటుంది. కూరకైతే నష్టం లేదు, ఎలాగూ నీరు ఇగిరిపోతుంది. ఈ వంటకి మాత్రం కడిగిన ఖీమా పనికిరాదు. నీరు పట్టిన ఖీమా ఉండ కట్టదు, పెనం మీద వేగకుండా ఉడుకుతుంది. కడగందే మనసొప్పకపోతే ముక్కల్ని కడిగి, గుడ్డతో తడి లేకుండా అద్ది, ఆ తర్వాత ఖీమా కొట్టించండి. షాపులో మిషన్‌లో రెండుసార్లు వెయ్యమని అడగండి. ఒక్కసారి వేసినది బరకగా ఉండి ఉండలు పగుళ్ళిస్తాయి. ఇంటికి తెచ్చాక కలిపే దాకా ఫ్రిజ్‌లోనే ఉంచండి. చల్లగా ఉన్నంతసేపే కొవ్వు మాంసంలో గట్టిగా పట్టి ఉంటుంది.

ఆల్‌స్పైస్ సంగతి

ఈ వంట వాసనని గుర్తుపట్టించేది ఈ గింజే. కరీబియన్ దీవుల చెట్టు కాయ, చూడ్డానికి లావుపాటి మిరియంలా ఉంటుంది. లవంగం, దాల్చిన చెక్క, జాజికాయ మూడూ కలిసినట్టు వాసనొస్తుంది. కిరాణా కొట్టులో కబాబ్ చీనీ అని అడిగితే కొన్ని చోట్ల ఇదే ఇస్తారు, కొన్ని చోట్ల చలువమిరియాలు చేతిలో పెడతారు. తోక ఉంటే అది చలువమిరియం, మనకి వద్దు. దొరక్కపోతే లవంగాల పొడి ఒక చిటికెడు, దాల్చిన చెక్క పొడి రెండు చిటికెలు, జాజికాయ పొడి ఒక చిటికెడు కలిపి వాడండి. గరం మసాలా మాత్రం వద్దు, అందులోని యాలకులు, ధనియాలు రుచిని పూర్తిగా వేరే దారి పట్టిస్తాయి. అల్లం వెల్లుల్లి ముద్ద కూడా అంతే. చెయ్యి అలవాటుగా ఆ డబ్బా వైపు వెళ్తుంది, ఆపుకోండి. వేస్తే మంచి ఖీమా ఉండల కూరే వస్తుంది, స్వీడిష్ మీట్‌బాల్స్ రావు.

ముద్ద కలపడం

ముందుగా బ్రెడ్ పొడిని పాలలో వేసి 10 నిమిషాలు వదిలేయండి. టీలో ముంచుకునే రస్కుల పొడి వద్దు, తీపీ యాలకుల వాసనా వచ్చేస్తాయి. తీపి లేని బ్రెడ్ స్లైసులు మూడో నాలుగో సన్నని సెగ మీద పెనంపై ఎండబెట్టి మిక్సీలో వేస్తే చాలు. నానాక అది చిక్కటి జావలా అవుతుంది. పొడిపొడిగా మిగిలితే ఇంకో చెంచాడు పాలు పోయండి.

ఈలోపు ఉల్లిపాయని వీలైనంత సన్నగా తరిగి ఒక చెంచా వెన్నలో 6, 7 నిమిషాలు మగ్గనివ్వండి. రంగు మారక్కర్లేదు, మెత్తబడి అద్దంలా మెరిస్తే చాలు. పచ్చి ఉల్లిపాయ వేస్తే వేగేటప్పుడు నీరొదిలి ఉండ చీలుతుంది. పూర్తిగా చల్లారనివ్వండి.

ఇప్పుడు వెడల్పాటి గిన్నెలో ఖీమా, ఉప్పు మాత్రమే వేసి వేళ్ళతో ఒక నిమిషం కలపండి. కాస్త జిగురు వస్తుంది. ఉప్పు తగలగానే మాంసంలోని ప్రోటీన్ కరిగి బయటికి రావడం వల్ల వచ్చే జిగురు అది, ఉండని పట్టి ఉంచేది అదే. తర్వాత నానిన బ్రెడ్, ఉల్లిపాయ, గుడ్డు, మిరియాలు, ఆల్‌స్పైస్ వేసి, అన్నీ కలిసేదాకా కలిపి ఆపేయండి. ఇక్కడే చాలామంది చపాతీ పిండిని మర్దించినట్టు పిసుకుతారు. అలా చేస్తే ప్రోటీన్ పోగులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని, వేగాక ఉండ రబ్బరులా ఎగురుతుంది. చికెన్‌లో ఇది మరీ తొందరగా జరుగుతుంది. పాలు పీల్చుకున్న బ్రెడ్ ఆ పోగుల మధ్య దూరి వాటిని దగ్గరకి రానివ్వదు, వేడికి మాంసం వదిలే రసాన్నీ తనలో పట్టి ఉంచుతుంది. ఉండ మెత్తదనమంతా దీనివల్లే. అందుకే బ్రెడ్ ఎక్కువైందేమోనని తగ్గించొద్దు.

కలిపిన ముద్ద కాస్త జారుగా, చేతికి అంటుకుంటూ ఉంటుంది. అలాగే ఉండాలి. మూతపెట్టి ఫ్రిజ్‌లో అరగంట ఉంచితే గట్టిపడుతుంది. ఈ వ్యవధిలో చిన్న ముద్ద తీసి పెనం మీద వేపి రుచి చూడండి. ఉప్పు సరిచేసుకోడానికి ఇదే ఆఖరి అవకాశం. పచ్చి ఖీమా నాలుక మీద పెట్టి చూడొద్దు.

ఉండలు చుట్టడం

ఒక గిన్నెలో చల్లటి నీళ్ళు పక్కన పెట్టుకోండి. అరచేతులు తడిపి, చెంచాతో 20 గ్రాముల ముద్ద తీసుకుని, ఒత్తకుండా తేలిగ్గా దొర్లించండి. దాదాపు 3 సెంటీమీటర్ల ఉండ వస్తుంది. 40 దాకా అవుతాయి. తడిపిన పళ్ళెంలో ఒకదానికొకటి తగలకుండా పేర్చండి. క్రిస్మస్ విందు బల్ల మీద పెట్టేవి ఇంకా చిన్నవి, ఒక్క నోటికి ఒకటి అన్నట్టుంటాయి, వాటికి గ్రేవీ కూడా ఉండదు. భోజనానికైతే ఈ పరిమాణమే బాగుంటుంది. అన్నీ ఒకే సైజులో ఉంటే అన్నీ ఒకేసారి వేగుతాయి.

పెనం మీద

అడుగు మందంగా, అంచు ఉన్న వెడల్పాటి పెనం కావాలి. ఇనుపదైనా స్టీలుదైనా సరే. నాన్‌స్టిక్‌లో ఉండలు బాగానే వేగుతాయి గానీ అడుగున ఏమీ అంటదు. ఆ అంటినదే మనకి కావాలి. నూనెలో ముంచి తీయడం కూడా వద్దు, పైన గట్టి పెంకు కడుతుంది.

మధ్యస్థంగా సెగ పెట్టి ఒక చెంచా నూనె, ఒక చెంచా వెన్న వేయండి. వెన్న నురగ కట్టి, ఆ నురగ అణిగిపోతున్న క్షణంలో ఉండలు వేయాలి. అంతకు ముందు వేస్తే అంటుకుంటాయి, ఆలస్యమైతే వెన్న మాడుతుంది. ఒక విడతకి 12, 15 మించి వేయకండి. ఖాళీ లేకుండా నింపితే ఆవిరి పోయే దారి లేక, వేగే చప్పుడు కాస్తా కుతకుత ఉడికే చప్పుడుగా మారుతుంది. ఆ చప్పుడు వినిపిస్తే కొన్ని తీసేయండి.

మొదటి రెండు నిమిషాలు ముట్టుకోవద్దు. అడుగు రంగు తిరిగాక వాటంతటవే పెనాన్ని వదులుతాయి. అప్పుడు పెనం పిడి పట్టుకుని వెనక్కీ ముందుకీ, గుండ్రంగా ఊపుతూ ఉండండి. స్వీడన్ వంటింట్లో ఉండలు గుండ్రంగా వేగేది ఈ ఊపుతోనే. అట్లకాడతో ఒక్కొక్కటీ తిప్పితే నాలుగు పలకలుగా తయారవుతాయి. 8 నుంచి 10 నిమిషాల్లో నలువైపులా ముదురు గోధుమ రంగు వస్తుంది. థర్మామీటర్ ఉంటే ఉండ మధ్యలో మాంసానికి 71 డిగ్రీల సెల్సియస్, చికెన్‌కి 74 చూపాలి. లేకపోతే ఒకటి కోసి చూడండి, మధ్యలో పచ్చిదనం లేకుండా రసం తేటగా ఉండాలి. తీసి పళ్ళెంలో మూతపెట్టి ఉంచండి.

విడతకీ విడతకీ మధ్య పెనం అడుగు చూసుకోండి. గోధుమ రంగైతే అలాగే వదిలేయండి. నల్లటి ముక్కలు కనిపిస్తే కాగితంతో తుడిచేయండి, వాటి చేదు గ్రేవీలోకి పోతుంది.

గ్రేవీ

ఎముకల రసం ముందు రోజే చేసుకుంటే హాయి. 400 గ్రాముల కోడి ఎముకలు లేదా మటన్ బొక్కలు, సగం ఉల్లిపాయ, ఒక క్యారెట్, ఆరేడు మిరియాలు, లీటరు నీళ్ళు కుక్కర్‌లో వేసి ఒక విజిల్ వచ్చాక సెగ తగ్గించి 25 నిమిషాలు (మటన్ బొక్కలకి 45) ఉంచండి. ఉప్పు వద్దు, పసుపు అసలే వద్దు. వడకట్టి చల్లారిస్తే పైన కొవ్వు తేలుతుంది, తీసేయండి. క్యూబులు వాడేట్టయితే మసాలా లేని చికెన్ క్యూబ్ తీసుకుని, గ్రేవీలో ఉప్పు చివరిదాకా వేయకండి.

ఉండలు తీసేసిన అదే పెనంలో ఒక చెంచా కొవ్వు ఉంచి మిగతాది వంపేయండి. సన్నని సెగ మీద 25 గ్రాముల వెన్న కరిగించి మైదా వేసి, పచ్చి వాసన పోయి లేత బంగారు రంగు వచ్చేదాకా రెండు నిమిషాలు కలుపుతూ ఉండండి. ఇప్పుడు గోరువెచ్చటి ఎముకల రసం మొదట ఒక గరిటెడు పోసి గిలక్కొట్టండి. అది ముద్దగా అయ్యాక ఇంకో గరిటెడు, ఆ తర్వాత మిగతాది సన్నటి ధారగా. ఒక్కసారే పోస్తే ఉండకడుతుంది. చెక్క గరిటెతో పెనం అడుగంతా గీకుతూ ఉండండి. అంటిన గోధుమ పొర ఊడి రసంలో కరుగుతుంటే గ్రేవీ రంగు మీ కళ్ళముందే తెలుపు నుంచి కాఫీ రంగుకి తిరుగుతుంది. మాంసం రుచంతా గ్రేవీలోకి వచ్చేది అప్పుడే.

5 నిమిషాలు సన్నగా మరిగాక క్రీమ్, సోయా సాస్ వేయండి. సోయా సాస్ ఐకియా పెట్టిన అలవాటేం కాదు, గోధుమ రంగు గ్రేవీకి రంగు కోసం, ఉప్పదనం కోసం స్వీడన్ ఇళ్ళలో మామూలుగా వాడేదే. ఇంకో 3, 4 నిమిషాలు మరిగితే గరిటె వెనక పల్చగా పూత పడుతుంది, వేలితో గీస్తే గీత నిలుస్తుంది. అదే సరైన చిక్కదనం. ఉండలున్న పళ్ళెంలో ఊరిన రసం కూడా ఇందులో పోసేయండి. అర చెంచా జామ్ కలిపితే మీగడ కమ్మదనం వెనకాల చిన్న పులుపు తగులుతుంది, నేను తప్పకుండా వేస్తాను. ఉప్పు, మిరియాలు ఆఖర్న.

ప్యాకెట్ క్రీమ్‌కి బదులు ఇంటి మీగడ వాడొచ్చు, అయితే ఆ రోజు తీసినదే వాడాలి, మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి. వారం రోజులు పోగుచేసిన మీగడ పులిసి ఉంటుంది, వేడి గ్రేవీలో విరిగిపోతుంది. గ్రేవీ ఉండకడితే వడకట్టండి, చిక్కబడితే రసం పోయండి, పల్చనైతే ఇంకాసేపు మరిగించండి. మళ్ళీ మైదా చల్లితే పచ్చి వాసన వస్తుంది.

ఉండల్ని గ్రేవీలో వేసి మరిగించడం అమెరికా పద్ధతి, అక్కడ నూడుల్స్ మీద వడ్డిస్తారు. స్వీడన్‌లో ఎక్కువగా గ్రేవీ విడిగా బల్ల మీదకొస్తుంది. పైన పోసుకునేది తినే ముందే. అప్పుడే వేగిన అంచు రుచి పోకుండా ఉంటుంది.

పక్కన ఉండాల్సినవి

బంగాళాదుంపలు పాతవి తీసుకోండి, కొత్త దుంపలు జిగురుగా సాగుతాయి. తొక్క తీసి ఉప్పునీళ్ళలో ఉడికించి, నీళ్ళు వంపి, అదే గిన్నెలో ఒక నిమిషం సెగ మీద తడి ఆరనివ్వండి. పప్పుగుత్తితో మెదిపి 40 గ్రాముల వెన్న, 100 మి.లీ. వేడిపాలు, ఉప్పు కలపండి. మిక్సీలో వేస్తే జిగురు ముద్ద అవుతుంది.

కీరదోస పచ్చడిని అక్కడ ప్రెస్‌గుర్కా అంటారు. కాయని కాగితమంత పల్చటి చక్రాలుగా తరిగి, అర చెంచా ఉప్పు చల్లి, పైన బరువు పెట్టి అరగంట వదిలి, ఊరిన నీరు పిండేయండి. స్వీడన్‌లో 12 శాతం వెనిగర్‌తో ఒక వంతు వెనిగర్, రెండు వంతులు పంచదార, మూడు వంతులు నీళ్ళు అన్న లెక్క ప్రసిద్ధం. మన కొట్లలో దొరికే వెనిగర్ 4 శాతం చుట్టూ ఉంటుంది కాబట్టి ఆ లెక్కనే వాడితే చప్పగా తేలుతుంది. ఇక్కడ మూడు వంతులు వెనిగర్, ఒక వంతు నీళ్ళు, రెండు వంతులు పంచదార పోయాలి. ఒక కాయకి 6 టేబుల్ స్పూన్ల వెనిగర్, 2 నీళ్ళు, 4 పంచదార సరిపోతుంది. మిరియాల పొడి వేసి గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచండి.

ఇక లింగన్. స్వీడన్ అడవుల్లో పొదలకి కాసే చిన్న ఎర్రటి పుల్లని పండు. దానిలో సహజంగానే బెంజోయిక్ ఆమ్లం ఉండడంతో ఉడికించకుండా పంచదారతో కలియబెట్టి ఉంచినా చాలాకాలం చెడదు. సీసా దొరికితే కొనండి. దొరక్కపోతే మన వాక్కాయ ఉంది. వానాకాలంలో వచ్చే వాక్కాయల్లో గులాబీ రంగు తిరిగినవి పావుకిలో ఏరి, రెండుగా కోసి గింజలు తీసి, జిగురుపాలు పోవడానికి ఉప్పునీళ్ళలో పది నిమిషాలు వేసి కడగండి. 150 గ్రాముల పంచదార, పావు కప్పు నీళ్ళతో 10 నిమిషాలు ఉడికిస్తే ఎర్రటి జామ్ తయారవుతుంది. పూర్తిగా మెదపకండి, ముక్కలు తగలాలి. పులుపు, ఎరుపు, చివర్లో చిన్న వగరు: లింగన్ పక్కన పెట్టినా తీసిపోదు.

పనుల వరస ఇలా పెట్టుకుంటే హడావుడి ఉండదు: ముందు కీరదోస, తర్వాత ముద్ద కలిపి ఫ్రిజ్‌లో పెట్టడం, ఉండలు చుట్టడం మొదలుపెట్టేటప్పుడు దుంపలు పొయ్యి మీద, ఉండలు వేగాక గ్రేవీ.

మిగిలితే

వేగిన ఉండలు చల్లారాక ఫ్రిజ్‌లో మూడు రోజులు, డీప్ ఫ్రీజర్‌లో రెండు నెలలు ఉంటాయి. ఫ్రీజర్‌లో ముందు పళ్ళెంలో విడివిడిగా గడ్డకట్టించి తర్వాత సంచిలో వేస్తే అతుక్కోవు. మర్నాటికి స్వీడన్‌లో చేసుకునే శాండ్‌విచ్ చాలా బాగుంటుంది: ఉడికించిన బీట్‌రూట్, పుల్లటి ఆపిల్ చిన్న ముక్కలు కోసి మయోనైజ్‌తో కలిపి, వెన్న రాసిన రొట్టె మీద పరిచి, పైన చల్లటి ఉండల్ని సగానికి కోసి పేర్చడం. పిల్లలకైతే ఉడికించిన మాకరోనీ, కెచప్‌తో పెట్టండి. అక్కడి పిల్లలూ వీటిని ఎక్కువగా అలాగే తింటారు.